పాత గేమ్‌ల పీసీకి మిగిలిన పార్టులు ఎంచుకోవడం: నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విండోస్ 98 కాలం గేమింగ్ పీసీ కట్టుకునేవాళ్లు చాలావరకు ఒకేచోట ఆగిపోతారు. సగం సామాను ఇంట్లోనే దొరుకుతుంది, మిగతా సగం ఏది కొనాలో తేలదు. మళ్లీ మళ్లీ వస్తున్న ఆ సందేహాలను ఇక్కడ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## ఏమీ కొనకముందు

ఏ కాలం పీసీ కట్టాలో తేలడం లేదు. ఎక్కడ మొదలెట్టాలి?

గేమ్‌ల దగ్గర మొదలెట్టండి. నిజంగా ఆడబోయే ఐదారు గేమ్‌ల పేర్లు కాగితం మీద రాయండి. వాటిలో అన్నిటికంటే కొత్తదాన్ని బట్టి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తేలతాయి. అన్నిటికంటే పాతదాన్ని బట్టి సౌండ్ కార్డు, విండోస్ తేలతాయి. రోడ్ రాష్ (1996), నీడ్ ఫర్ స్పీడ్ 2 ఎస్‌ఈ (1997), మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్ (1999), ప్రాజెక్ట్ ఐజీఐ (2000) వరకే అయితే 800 మెగాహెర్ట్జ్ పెంటియం 3 చాలు. వైస్ సిటీ (పీసీలో 2003) కూడా కావాలంటే పెంటియం 4కి వెళ్లండి. ఆ గేమ్ డబ్బా మీద కనీసం 800 మెగాహెర్ట్జ్, 128 ఎంబీ ర్యామ్, 32 ఎంబీ గ్రాఫిక్స్ అని ఉంటుంది. అంతటితోనే ఆడితే మాత్రం ఊరి మధ్యలో బండి ఆగి ఆగి కదులుతుంది.

డాస్‌బాక్స్ (పాత డాస్ గేమ్‌లను ఇప్పటి కంప్యూటర్లో నడిపే సాఫ్ట్‌వేర్) ఉండగా ఈ పాత సామానంతా దేనికండీ?

డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా లాంటి డాస్ గేమ్‌లే మీకు కావలసినవైతే నిజంగానే అక్కర్లేదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లో డాస్‌బాక్స్ వేసుకుని ఆడుకోండి, డబ్బు మిగులుతుంది. పాత హార్డ్‌వేర్ అవసరం 1996 నుంచి 2003 దాకా వచ్చిన త్రీడీ గేమ్‌లకే. వాటిలో కొన్నిటి పొగమంచు, నీడలు కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్లతో సరిగా రావు. సేఫ్‌డిస్క్ కాపీ రక్షణ ఉన్న ఒరిజినల్ సీడీలు విండోస్ 10లో నడవవు, ఎందుకంటే దానికి కావలసిన డ్రైవర్‌ను మైక్రోసాఫ్టే తీసేసింది. మా సలహా ఒక్కటే: డాస్ కోసం ఖర్చు పెట్టకండి, విండోస్ 98 కోసం పెట్టండి.

ఇంట్లో మూలన పెంటియం 4 సీపీయూ ఉంది. దాంతోనే అయిపోతుందా?

చాలావరకు అయిపోతుంది. ప్రాసెసర్ సాకెట్ 478 అయి, చిప్‌సెట్ (బోర్డును నడిపే ప్రధాన చిప్పులు) ఇంటెల్ 845 గానీ 865 గానీ అయితే విండోస్ 98కి డ్రైవర్లు దొరుకుతాయి. 915, 945 చిప్‌సెట్ బోర్డులైతే 98 ఆశ వదులుకోండి, వాటిని ఎక్స్‌పీ గేమ్‌లకు వాడుకోండి. మూత తీసి మూడు చూడండి: గ్రాఫిక్స్ కార్డు కూర్చునే గోధుమ రంగు ఏజీపీ స్లాట్ ఉందా, ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తలలు చదునుగా ఉన్నాయా, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె) ఫ్యాను తిరుగుతోందా. మూడూ సరిగా ఉంటే మీకు కావలసింది గ్రాఫిక్స్ కార్డు, సౌండ్ కార్డు, డిస్కు మాత్రమే.

## బోర్డు, ప్రాసెసర్, ర్యామ్

నా బోర్డు మీద ఏజీపీ స్లాటే లేదు. బోర్డు మార్చాలా?

ఇక్కడి ఇళ్లలో, నెట్ సెంటర్లలో ఎక్కువగా కనిపించినవి ఇంటెల్ 810, 845జీవీ, 845జీఎల్, 865జీవీ బోర్డులే. తక్కువ ధరకు అమ్మడానికి ఆ చిప్‌సెట్లలో ఏజీపీ ఇవ్వలేదు. దారులు రెండు. మొదటిది, పీసీఐ అనే మామూలు కార్డుల స్లాట్‌లో కూర్చునే జీఫోర్స్ 2 ఎంఎక్స్ 400 లేదా ఎఫ్‌ఎక్స్ 5200 వెతకడం. పీసీఐ దారి మొత్తానికి సెకనుకు 133 ఎంబీనే పోతుంది, దాన్ని సౌండ్ కార్డు కూడా పంచుకుంటుంది. 2000 దాకా వచ్చిన గేమ్‌లకు అది ఫర్వాలేదు, తర్వాతివాటికి ఇరుకు. రెండోది బోర్డే మార్చడం. పీసీఐ గ్రాఫిక్స్ కార్డు అరుదు కాబట్టి ధర ఎక్కువ చెబుతారు. ఏజీపీ ఉన్న 845జీ, 845పీఈ, 865పీఈ బోర్డు దానికంటే చవగ్గా రావచ్చు. మేమైతే బోర్డే మారుస్తాం.

ప్రాసెసర్ ఏది తీసుకోవాలి? ఎంత స్పీడుంటే అంత మంచిదేనా?

కాదు. సాకెట్ 478లో నార్త్‌వుడ్ రకం 2 నుంచి 2.8 గిగాహెర్ట్జ్ మధ్యది తీసుకోండి. అదే సాకెట్‌లో వచ్చిన ప్రెస్కాట్ బాగా వేడెక్కుతుంది. మే నెలలో గదిలోనే 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో అది హెలికాప్టర్‌లా మోగుతూనే ఉంటుంది. సాకెట్ 423 పెంటియం 4 ఉచితంగా ఇచ్చినా వద్దు, దాని బోర్డుల్లో ఎక్కువ భాగం ఆర్‌డీర్యామ్ అనే వేరే రకం ర్యామ్ అడుగుతాయి, అది ఇక్కడ దొరకదు. పెంటియం 3లో 1 గిగాహెర్ట్జ్ కాపర్‌మైన్ హాయిగా ఉంటుంది. టువాలటిన్ అనే చివరి రకం పెంటియం 3 మామూలు సాకెట్ 370 బోర్డులో పిన్నులు సరిపోయి కూర్చుంటుంది గానీ ఆన్ కాదు. బోర్డు దాన్ని తీసుకుంటుందని తెలిస్తేనే కొనండి.

కెపాసిటర్లు ఉబ్బాయి. బోర్డు పారేయాలా?

అక్కర్లేదు. 2000 తర్వాతి కొన్నేళ్ల బోర్డుల్లో ఇది మామూలు జబ్బు. లోపలి ద్రవం చెడి, గ్యాస్ పుట్టి తల ఉబ్బుతుంది, తర్వాత గోధుమ రంగు పొక్కు కనిపిస్తుంది. లక్షణాలు ఇవి: మొదటి రెండుమూడు సార్లు ఆన్ కాకపోవడం, గేమ్ మధ్యలో రీస్టార్ట్ అవడం. కొత్తవి కొనేటప్పుడు నాలుగు చూడాలి. మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టేజ్ అంతే లేదా ఎక్కువ ఉండాలి, 105 డిగ్రీలది కావాలి, లో ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉన్న) రకం కావాలి. టీవీ రిపేరు షాపులో ఇచ్చే మామూలు కెపాసిటర్ వేస్తే నాలుగు నెలలకే మళ్లీ మొదటికొస్తుంది. లావు కూడా కొలవండి, 10 మిల్లీమీటర్లది 8 మిల్లీమీటర్ల చోట పట్టదు. ఊడదీసే ముందు దగ్గరగా ఫొటో తీసుకోండి. బోర్డు మీద రంగు వేసిన సగం చాలా కంపెనీలకు నెగటివ్, కొన్నిటికి పాజిటివ్. తిప్పి వేస్తే పేలుతుంది. బోర్డు రాగిపొర వేడిని లాగేస్తుంది కాబట్టి 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలదు, 60 వాట్లది కావాలి.

ర్యామ్ ఎంత వెయ్యాలి? 2 జీబీ దాకా ఉంది నా దగ్గర.

విండోస్ 98కి 256 ఎంబీ బాగుంటుంది, 512 ఎంబీ హద్దు. అది దాటితే విండోస్ తన డిస్కు క్యాష్ కోసం అడ్రస్‌లన్నీ ఆక్రమించి, ర్యామ్ నిండుగా ఉన్నా మెమరీ చాలదని అంటుంది. సెట్టింగ్ మార్చి నెట్టుకురావచ్చు గానీ, ఆ కాలం గేమ్‌లకు అంత ర్యామ్ అవసరమే లేదు. మిగతా స్టిక్‌లు స్పేర్‌గా దాచుకోండి.

256 ఎంబీ స్టిక్ వేస్తే 128 అనే చూపిస్తోంది. మోసపోయానా?

స్టిక్ మంచిదే అయ్యుండవచ్చు. 440బీఎక్స్ లాంటి పాత చిప్‌సెట్లు ఎక్కువ సాంద్రత ఉన్న చిప్పులను సగమే చదవగలవు. అలాంటి బోర్డుకు రెండు వైపులా కలిపి 16 చిప్పులున్న 256 ఎంబీ పీసీ133 స్టిక్ తీసుకోండి. ఒకవైపే 8 చిప్పులున్నది వద్దు.

## గ్రాఫిక్స్ కార్డు

విండోస్ 98కి సరైన కార్డు ఏది? షాపులో అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

పెంటియం 3కి జీఫోర్స్ 2 ఎంఎక్స్ 400, పెంటియం 4కి జీఫోర్స్ 4 ఎంఎక్స్ 440. ఈ రెండూ అప్పట్లో మన దగ్గర బాగా అమ్ముడయ్యాయి కాబట్టి ఇప్పటికీ బయటపడుతుంటాయి. జీఫోర్స్ 4 టీఐ 4200 దొరికితే అది ఇంకా బాగుంటుంది. ఎఫ్‌ఎక్స్ 5200 కూడా పని చేస్తుంది గానీ అందులో 64 బిట్, 128 బిట్ అని రెండు రకాలున్నాయి, 64 బిట్‌ది సగం దారిలోనే డేటా పంపుతుంది. రెండు అంచులా కాళ్లున్న పొడుగాటి మెమరీ చిప్పులు కార్డుకు రెండు వైపులా కలిపి 8 ఉంటే 128 బిట్, నాలుగే ఉంటే 64 బిట్. స్టిక్కర్ మీద 256 ఎంబీ అని రాసుంది కదా అని మురిసిపోకండి, ఈ కాలం గేమ్‌లకు ఆ సైజు కంటే ఆ దారి వెడల్పే ముఖ్యం. జీఫోర్స్ 6 సిరీస్‌కీ 98 డ్రైవర్లున్నాయి గానీ, పాత గేమ్‌లు కొన్ని వాడే 8 బిట్ ప్యాలెట్ టెక్స్చర్లను అది వదిలేసింది.

ఏజీపీ కార్డు స్లాట్‌లో కూర్చోవడం లేదు. గట్టిగా నొక్కొచ్చా?

వద్దు. ఏజీపీలో వోల్టేజీలు వేరు. పాత కార్డులు 3.3 వోల్టులవి, తర్వాతివి 1.5 వోల్టులవి, 8ఎక్స్ కార్డులు 0.8 వోల్టుల సిగ్నల్‌తో నడుస్తాయి. కార్డు బంగారు పళ్ల మధ్య కోత చూడండి. కోత బ్రాకెట్ వైపుంటే 3.3 వోల్టులు, బ్రాకెట్‌కు దూరంగా ఉంటే 1.5 వోల్టులు, రెండు కోతలుంటే రెండూ. 845, 865 బోర్డులు 3.3 వోల్టులు భరించవు. ఊడూ 3 లాంటి కార్డును అంచు అరగదీసి ఆ బోర్డుల్లో దూర్చినవాళ్లకు కార్డుతో పాటు చిప్‌సెట్ కూడా పోతుంది.

ఊడూ కార్డు లేకపోతే రెట్రో పీసీ కాదంటున్నారు. కొనాలా?

గ్లైడ్ (ఊడూ కార్డుల సొంత గ్రాఫిక్స్ పద్ధతి) మీదే నడిచే గేమ్‌లు మీ జాబితాలో ఉంటేనే ఆలోచించండి. ఊడూ కార్డులు చేసిన త్రీడీఎఫ్‌ఎక్స్ కంపెనీ ఆస్తులను కొంటున్నట్టు 2000 డిసెంబరులో ఎన్‌విడియా ప్రకటించింది, ఇప్పుడు ఆ కార్డులు సేకరించేవాళ్ల సరుకు, ధరలూ అలాగే ఉన్నాయి. నీడ్ ఫర్ స్పీడ్ 2 ఎస్‌ఈ గ్లైడ్‌లో బాగుంటుంది, నిజమే. కానీ ఎన్‌గ్లైడ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే కొత్త కంప్యూటర్లోనే అది దాదాపు అలాగే కనిపిస్తుంది. ఒక్క గేమ్ కోసం మొత్తం పీసీ ఖర్చు ఒక కార్డు మీద పెట్టడం మాకు నచ్చదు.

కార్డు ఫ్యాను తిరగడం లేదు.

స్టిక్కర్ ఎత్తి ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి చూడండి. కదలకపోతే 40 మిల్లీమీటర్ల ఫ్యాను మార్చండి. ఎంఎక్స్ 440 దాకా పెద్ద హీట్‌సింక్ అతికించి, దాని ముందు కేబినెట్ ఫ్యాను పెట్టినా సరిపోతుంది.

## సౌండ్

బోర్డు మీద సౌండ్ ఉంది కదా, వేరే కార్డు ఎందుకు?

బోర్డు మీది ఏసీ97 సౌండ్ విండోస్ గేమ్‌లలో మోగుతుంది గానీ, అసలు డాస్‌లోకి వెళ్తే చాలావాటికి నోరు రాదు. చవకైన మంచి దారి సీ-మీడియా 8738 చిప్ ఉన్న పీసీఐ కార్డు. పాత సామానులో ఇది తరచుగా కనిపిస్తుంది, డాస్ డ్రైవర్ కూడా ఉంది. యమహా వైఎంఎఫ్724, 744, ఈఎస్‌ఎస్ సోలో-1 డాస్‌కు ఇంకా నయం. త్రీడీ గేమ్‌లలో చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో తెలియాలంటే సౌండ్ బ్లాస్టర్ లైవ్ తీసుకోండి. కొనేముందు కార్డు అంచున నంబర్ చదవండి. ఎస్‌బీ0060, ఎస్‌బీ0100, ఎస్‌బీ0220 మంచివి. ఎస్‌బీ0200, ఎస్‌బీ0203 బ్రాండెడ్ కంప్యూటర్ల కోసం తగ్గించి చేసినవి, మామూలు లైవ్ డ్రైవర్లు వాటికి ఎక్కవు.

గేమ్ నడుస్తోంది, చప్పుళ్లూ వస్తున్నాయి, కానీ పాట మాత్రం రావడం లేదు.

ఆ గేమ్ సంగీతం సీడీలో ఆడియో ట్రాకులుగా ఉంటుంది. సీడీ డ్రైవ్ వెనక నాలుగు పిన్నుల అనలాగ్ సాకెట్ నుంచి సౌండ్ కార్డు మీది సీడీ-ఇన్‌కు సన్నటి ఆడియో వైరు వెళ్లాలి. అది లేకపోతే పాట రాదు. సాటా డ్రైవ్‌లకు ఆ సాకెట్ సాధారణంగా ఉండదు, అందుకే ఐడీఈ (వెడల్పు పట్టీ కేబుల్‌తో కలిపే పాత రకం) డ్రైవ్ తీసుకోండి, వైరు కూడా అప్పుడే అడిగి పుచ్చుకోండి.

## డిస్కు

పాత 40 జీబీ హార్డ్ డిస్కు వాడాలా, ఎస్‌ఎస్‌డీ పెట్టాలా?

ఇరవయ్యేళ్లు దాటిన డిస్కును నమ్మి గేమ్ సేవ్‌లు పెట్టుకోలేం. ఐడీఈ నుంచి కాంపాక్ట్ ఫ్లాష్‌కు మార్చే అడాప్టర్, 16 లేదా 32 జీబీ కార్డు తీసుకుంటే చప్పుడు లేకుండా నడుస్తుంది. సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టాలంటే ఐడీఈ-సాటా కన్వర్టర్ కావాలి, అది కొన్ని వందల రూపాయల్లోనే వస్తుంది. సైజు మాత్రం చూసుకోండి. విండోస్ 98 డిస్కు డ్రైవర్ 137 జీబీ దాటితే మొదటి నుంచి తిరిగి రాయడం మొదలెట్టి ఫైళ్లు పాడుచేస్తుంది. 120 జీబీ ఎస్‌ఎస్‌డీ ఆ హద్దు లోపలే ఉంది, 240 జీబీది వద్దు. 1999 నాటి కొన్ని బోర్డులు 32 జీబీ దాటిన డిస్కు తగిలిస్తే ఆన్ కాగానే నిలిచిపోతాయి, వాటికి కాంపాక్ట్ ఫ్లాష్ తేలికైన మార్గం.

ఐడీఈ కేబుల్ ఏదైనా ఒకటేనా?

కాదు. 80 తీగల సన్న గీతల కేబుల్ తీసుకోండి. 40 తీగలదైతే వేగం సెకనుకు 33 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. నీలం కొస బోర్డుకు, నలుపు మాస్టర్‌కు, మధ్య బూడిద రంగుది స్లేవ్‌కు. ఒకే కేబుల్ మీద రెండిటికీ మాస్టర్ జంపర్ పెడితే ఒకటీ కనిపించదు.

## ఎస్‌ఎంపీఎస్, మానిటర్

కొత్త 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పాత బోర్డుకు పనికొస్తుందా?

పెంటియం 4 బోర్డు మీద విడిగా నాలుగు పిన్నుల 12 వోల్టుల సాకెట్ ఉంటే నిశ్చింతగా వాడండి, 24 పిన్నులలో నాలుగు విడదీస్తే 20 అవుతుంది. పెంటియం 3, పాత అథ్లాన్ బోర్డులు ప్రాసెసర్‌కు 5 వోల్టుల దారి నుంచే కరెంటు లాగుతాయి. కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు బలమంతా 12 వోల్టులలో పెడతాయి. పక్కన స్టిక్కర్ మీద 5 వోల్టుల ఎదురుగా యాంపియర్లు చదవండి: పెంటియం 3కి 20 చాలు, 12 వోల్టుల సాకెట్ లేని అథ్లాన్ ఎక్స్‌పీకి 30 కావాలి. పాతదే వాడుతుంటే లోడు మీద మల్టీమీటర్ పెట్టి చూడండి. ఎర్ర తీగ 4.75కి, పసుపు తీగ 11.4కి తగ్గకూడదు.

కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది, స్పీకర్లలో గుయ్యిమంటోంది.

ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఎర్త్ దొరకనప్పుడు మెయిన్స్‌లో సగం వోల్టేజ్‌ను కేబినెట్ మీద పెడతాయి. కరెంటు తక్కువే గానీ, ఆ స్థితిలో మానిటర్ కేబుల్ పెడుతూ తీస్తూ ఉంటే గ్రాఫిక్స్ కార్డు పోవచ్చు. మూడో పిన్నుకు ఎర్త్ నిజంగా ఉందా అని ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. బోరు మోటార్లు ఆన్ అయ్యేటప్పుడు వోల్టేజ్ పడిపోయే పల్లెల్లో 600 వీఏ యూపీఎస్ కూడా పెట్టుకోండి.

సీఆర్‌టీ మానిటరే కావాలా?

320 బై 200, 640 బై 480 గేమ్‌లు సీఆర్‌టీ మీద కనిపించినంత బాగా ఇంకెక్కడా కనిపించవు. చోటు లేకపోతే 15 అంగుళాల, 1024 బై 768 చదరపు ఎల్‌సీడీ తీసుకోండి. 17, 19 అంగుళాలవి 1280 బై 1024 కాబట్టి బొమ్మ కొంచెం నిలువుగా సాగుతుంది. సీఆర్‌టీ వెనక మూత మాత్రం విప్పకండి, ప్లగ్ తీసేశాక కూడా ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉంటాయి.

## కొనడం, తేవడం

నెల్లూరు, ఒంగోలులో ఇవి ఎక్కడ దొరుకుతాయి?

మెరిసే షోరూముల్లో అడగకండి. నెల్లూరు ట్రంకు రోడ్డు, ఒంగోలు కర్నూలు రోడ్డు చుట్టుపక్కల సందుల్లో ప్రింటర్లు, మానిటర్లు బాగుచేసే చిన్న సర్వీసు షాపుల అటకల మీద చూడండి. మూసేసిన నెట్ సెంటర్లు, డీటీపీ సెంటర్లు, స్కూలు ల్యాబులు ఒకేసారి పది సీపీయూలు వదిలించుకుంటాయి, అలాంటి చోట ఒకటి నడిచేది, రెండు విడిభాగాలకు అడగండి. పాత ఇనుప సామాన్ల కొట్టులో బోర్డులు కిలోల లెక్కన పోతాయి గానీ, గోనెసంచిలో పడేసి తెచ్చినవాటికి సాకెట్ పిన్నులు, చిన్న చిప్పులు ఊడి ఉంటాయి. సౌండ్ కార్డు, కన్వర్టర్లు ఇక్కడ దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్ ఉంది, నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే రాత్రికి తిరిగొచ్చేయొచ్చు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, హీట్‌సింక్ కలిపి, ఆన్ చేసి చూపించినవే కొనండి. విడివిడిగా కొంటే ఏది పాడో తేల్చడానికి ఇంకో సెట్టు కావాలి. బయోస్‌లోకి వెళ్లి పావుగంట అలా ఉంచండి, వేడి పెరుగుతూ పోతుంటే హీట్‌సింక్ కింద రాసిన పేస్టు ఎండిపోయిందని అర్థం. వెనక పోర్టుల చుట్టూ ఉండే ఐఓ ప్లేట్ అడగడం మరిచిపోకండి, తర్వాత అది దొరకదు. సాకెట్ 478 హీట్‌సింక్ చల్లగా ఉన్నప్పుడు లాగితే ప్రాసెసర్ కూడా అతుక్కుని ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు నడిపి, ఆపి, కొద్దిగా అటూ ఇటూ తిప్పి ఎత్తండి.

చీమకుర్తి గ్రానైట్ ఆఫీసు నుంచి సీపీయూ వచ్చింది, లోపలంతా తెల్ల పొడి.

తడిగుడ్డ పెట్టకండి, ఆ పొడి తడిస్తే స్లాట్లలో గట్టిపడుతుంది. ముందు మెత్తటి పెయింటు బ్రష్, తర్వాత బ్లోయర్. పంక్చర్ షాపు గాలి వద్దు, దాని ట్యాంకులో నీళ్లుంటాయి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్క వేలితో పట్టుకోండి, లేకపోతే వేగంగా తిరిగి బేరింగ్ పోతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్ల నుంచి వచ్చినవాటికి పొడి కంటే ఉప్పుగాలి తుప్పు సమస్య. ర్యామ్, కార్డుల పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

## బిగించాక

అన్నీ పెట్టాను, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు.

బోర్డు, ప్రాసెసర్, ఒక్క ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఉంచి మిగతావన్నీ పీకేయండి. చిన్న స్పీకర్ తగిలించి వినండి. అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు గ్రాఫిక్స్ కార్డు గొడవ, ఆగకుండా పొడుగు బీప్‌లు ర్యామ్ గొడవ. అసలు బీపే లేకపోతే 12 వోల్టుల నాలుగు పిన్నుల వైరు పెట్టారో లేదో చూడండి, ఎక్కువమంది మరిచేది అదే. సీఆర్2032 బ్యాటరీ కూడా కొలవండి, 2.7 వోల్టులకు తగ్గితే మార్చండి.

డ్రైవర్లు ఏ వరసలో వెయ్యాలి?

విండోస్ 98 రెండో ఎడిషన్, తర్వాత చిప్‌సెట్ డ్రైవర్, డైరెక్ట్‌ఎక్స్ 9.0సీ, గ్రాఫిక్స్, సౌండ్. జీఫోర్స్ 2, 4, ఎఫ్‌ఎక్స్ 5200కు 45.23 డ్రైవర్ స్థిరంగా ఉంటుంది. అన్నిటికంటే కొత్తదే మంచిదని 80ల నంబర్లు వేస్తే పాత గేమ్‌లు నెమ్మదిస్తాయి. పెన్‌డ్రైవ్ తనంతట తాను కనిపించదు, ఎన్‌యూఎస్‌బీ అనే పెన్‌డ్రైవ్ డ్రైవర్ల ప్యాక్‌ను ముందే సీడీలో రాసి ఉంచుకోండి. ఎక్స్‌పీ కూడా కావాలంటే 98 వేశాకే వెయ్యండి, 98 ఉండే పార్టిషన్ ఫ్యాట్32గా ఉంచండి. ఎక్స్‌పీ ఫార్మాట్ 32 జీబీ దాటిన ఫ్యాట్32ను చేయనంటుంది, అందుకే పెద్ద పార్టిషన్లు 98 వైపు నుంచే చేసుకోండి. 98 సీడీలోని ఎఫ్‌డిస్క్ (డిస్కును పార్టిషన్లు చేసే సాధనం) 64 జీబీ దాటిన డిస్కుకు తప్పు సైజు చూపిస్తుంది, మైక్రోసాఫ్ట్ తర్వాత ఇచ్చిన సవరించిన ఎఫ్‌డిస్క్ వాడండి.